64 మొక్కల్లో ఒకటి: సాంబ మసూరికి తెగులును తట్టుకునే గుణం తెచ్చిన లెక్క

ఎకరాకు 30 బస్తాలు పండే చేను ఒకటి అనుకుందాం. బస్తా 75 కిలోలు. మొత్తం 22.5 క్వింటాళ్లు. పొట్ట దశలో ఆకు ఎండు తెగులు సోకి అయిదో వంతు పోయిందంటే 4.5 క్వింటాళ్లు తగ్గినట్టు. 2025-26 ఖరీఫ్‌కు కేంద్రం ప్రకటించిన గ్రేడ్-ఏ ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. ఆ లెక్కన ఎకరాకు 10,750 రూపాయలు పోయాయి. నష్టం 30 శాతానికి చేరితే 16,125. ఈ తెగులు ఉధృతంగా ఉన్న పొలాల్లో 20 నుంచి 30 శాతం పంట పోవడం మామూలే. గాలివాన తోడైతే సగం దాకా పోయిన సందర్భాలూ పరిశోధనల్లో నమోదయ్యాయి. పదెకరాలు కౌలుకు తీసుకున్నవాడు ఈ అంకెలను పదితో హెచ్చించుకుంటే అతని ఏడాది ఎటు పోయిందో తెలిసిపోతుంది.

ఇంత డబ్బు తినేసేది ఒక బాక్టీరియా. పేరు జాంతోమోనాస్ ఒరైజే. ఆకు అంచున ఉండే నీటి రంధ్రాల్లోంచి, గాలికి ఆకులు రాసుకున్నప్పుడు పడే గాయాల్లోంచి లోపలికి పోతుంది. కొన నుంచి అంచుల వెంబడి పసుపు పచ్చని అలల్లాంటి చారలు కిందికి దిగుతాయి. తెల్లవారుజామున చూస్తే ఆకు మీద పసుపు జిగురు బొట్లు కనిపిస్తాయి. ఎండకు అవే గట్టిపడి వానకు కడుక్కుపోయి పక్క మడిలోకి చేరతాయి. యూరియా ఎక్కువ పోసిన చేనంటే దీనికి మరీ ఇష్టం. కాండం తొలుచు పురుగు గుడ్లు పోతాయని నారు కొనలు తుంచి నాటడం మన దగ్గర అలవాటు. పురుగుకు అది మంచి సలహాయే. ఆకు ఎండు తెగులు ఉన్న చోట మాత్రం తుంచిన ప్రతి కొనా ఒక తెరిచిన తలుపు. మందులున్నాయి గానీ, శిలీంధ్రాల మందు కొట్టగానే ఆగినట్టు ఈ బాక్టీరియా ఆగదు. అందుకే దీన్ని ఆపగలిగేది విత్తనం లోపలి గుణమొక్కటే అని శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో అంటున్నారు.

ఆ గుణం లేని వరి రకమే మనకు అన్నిటికన్నా ఇష్టమైనది కావడం అసలు చిక్కు.

పల్నాడుకు సన్నన్నం పాత చుట్టం కాదు. ఇక్కడ జొన్నకూడు తప్ప గతి లేదని శ్రీనాథుడు విసుక్కున్నట్టు చెప్పే చాటువులు ఈ సీమలో చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జున సాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ పొడవు 203 కిలోమీటర్లు, దాని కింద తడవాల్సిన భూమి 11 లక్షల ఎకరాలకు పైనే. మాచర్ల పక్క నుంచి బయల్దేరిన ఆ నీళ్లు గురజాల, పిడుగురాళ్ల, సత్తెనపల్లి, నరసరావుపేట వైపు నల్లరేగడిని తడిపాక జొన్న వెనక్కి తగ్గింది, వరి, మిరప, పత్తి ముందుకొచ్చాయి. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా జిల్లా ఏర్పడేనాటికి, సాగర్ నీళ్లు తాగి పెరిగిన రెండు తరాలకు అన్నమంటే సన్నబియ్యం అన్నంగా మారిపోయింది. ఆ సన్నాల్లో పెద్దపీట బీపీటీ 5204ది. కాగితం మీద పేరు సాంబ మసూరి. రైతు నోట ‘బీపీటీ’ అంటే చాలు.

బీపీటీ అంటే బాపట్ల. అక్కడి వరి పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైంది. దీని వంశవృక్షం చూస్తే మూడు దేశాలు కలుస్తాయి. మొదటిది జీఈబీ 24. 1921లో కోయంబత్తూరు కేంద్రం ఇచ్చిన రకం. కోనమణి అనే పాత వరిలో తనంత తాను పుట్టిన మార్పును ఏరి పట్టి పెంచారు. సన్నగింజ, మంచి అన్నం దాని సొత్తు. రెండోది తైచుంగ్ నేటివ్ 1, క్లుప్తంగా టీఎన్1, తైవాన్‌లో 1956లో వచ్చిన పొట్టి వరి. ఎరువు వేసినా పడిపోకుండా నిలబడే గుణం దీనిది. మూడోది 1965లో మలయాలో విడుదలైన మసూరి. దీనిలో జపాన్ జాతి రక్తం కొంత ఉంది. ఈ మూడింటినీ కలిపి, తరాల తరబడి ఏరగా తేలింది 145-150 రోజుల పంట. వెయ్యి గింజలు తూచితే 15 గ్రాముల దగ్గర ఆగే సన్నగింజ, పొడి పొడిగా విడివడే అన్నం దాని గుణాలు.

ఆ ఏరికలో కొన్నిటిని అడిగారు, కొన్నిటిని అడగలేదు. పొట్టితనం కావాలన్నారు, వచ్చింది. సన్నదనం కావాలన్నారు, వచ్చింది. ఆకు ఎండు తెగులును తట్టుకునే శక్తి ఆ జాబితాలో ముందు వరసలో లేదు. పైగా టీఎన్1 ఈ తెగులుకు ఎంత లొంగిపోతుందంటే, నేటికీ పరీక్ష మడుల్లో ‘ఇది తప్పకుండా పడిపోవాలి, పడకపోతే పరీక్షే తప్పు’ అని పక్కన నాటే కొలమానం అదే. మన దేశంలో ఈ తెగులు 1963లో బిహార్‌లోని షాహాబాద్ ప్రాంతాన్ని ఊడ్చేసింది. ఆ తర్వాత పొట్టి రకాలు, ఎక్కువ ఎరువులు కలిసి దాన్ని ఊరూరి సమస్య చేశాయి. పాత నాటు రకాలన్నీ ఈ తెగులును తట్టుకునేవని చెప్పడం అబద్ధమే అవుతుంది. కానీ వేల నాటు రకాల్లో అక్కడక్కడా చెదిరి ఉన్న రక్షణ, కొద్ది రకాలే దేశమంతా పరుచుకున్నాక, పొలం నుంచి మాయమైంది. మిగిలింది జన్యు బ్యాంకుల డబ్బాల్లో, అడవి వరిలో.

అక్కడినుంచి వెనక్కి తెచ్చినవి మూడు జన్యువులు. ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5.

ఎక్స్‌ఏ21 పుట్టిల్లు ఆఫ్రికా. మాలి దేశపు అడవి వరి ఒరైజా లాంగిస్టామినాటాలో ఉన్న ఈ గుణాన్ని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఏళ్ల తరబడి సంకరాలు చేసి సాగు వరిలోకి తెచ్చింది. 1995లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో పమేలా రోనాల్డ్ బృందం ఈ జన్యువును విడదీసి చూపింది. బాక్టీరియా ఆనవాలును కణం బయటే పసిగట్టి లోపలికి కబురు పంపే ప్రొటీన్‌ను ఇది తయారు చేస్తుంది. ఎక్స్‌ఏ5 బెంగాల్ వైపు పాత వరి రకాలది. అందులో తేడా ఒకే ఒక్క చోట, ఒక ప్రొటీన్‌లో 39వ స్థానంలో ఉన్న అమైనో ఆమ్లంలో. ఎక్స్‌ఏ13 కథ అన్నిటికన్నా చమత్కారమైనది. బాక్టీరియా తన ప్రొటీన్ ఒకదాన్ని మొక్క కణంలోకి పంపి, చక్కెరను బయటికి పంపే జన్యువును తెరిపిస్తుంది. మొక్క చక్కెర కారుస్తుంటే తాను తిని పెరుగుతుంది. ఎక్స్‌ఏ13 ఉన్న వరిలో ఆ తాళం గాడి మారిపోయి ఉంటుంది, బాక్టీరియా తాళంచెవి పట్టదు. అదే జన్యువు పుప్పొడికి కూడా అవసరం. మారింది తాళం గాడి మాత్రమే కాబట్టి పూత దశలో మొక్క తన పని తాను చేసుకుంటుంది, గింజ తాలు పోదు.

మూడెందుకు, ఒకటి చాలదా? చాలదనే అనుభవం చెప్పింది. ఒక్కో జన్యువును విడిగా దాటగలిగిన బాక్టీరియా రకాలు మన దేశంలోనే దొరికాయి. ఊహకు ఒక లెక్క వేద్దాం. ఒక రక్షణను దాటే మార్పు బాక్టీరియాలో పది లక్షల్లో ఒకదానికి వస్తుందనుకుంటే, మూడూ ఒకేసారి దాటాలంటే ఒకటి పక్కన 18 సున్నాలు పెట్టాలి. నిజ జీవితంలో లెక్క ఇంత శుభ్రంగా ఉండదు. అయినా దిశ ఇదే.

ఈ మూడు జన్యువులనూ రెండేసి ప్రతులుగా, స్థిరంగా మోస్తున్న వరి ఒకటి పంజాబ్ నుంచి వచ్చింది. పేరు ఎస్‌ఎస్ 1113. అక్కడి పీఆర్ 106 రకంలో ఈ మూడింటినీ కూర్చి తయారు చేసింది. తెగులు విషయంలో దీనికి వంక పెట్టలేం. అన్నం విషయంలో మాత్రం బీపీటీ తిన్న నోటికి ఇది నచ్చదు. హైదరాబాద్‌లో కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) నుంచి రమేశ్ వి. సొంటి, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ నుంచి ఆర్.ఎం. సుందరం, జి.ఎస్. లాహా తదితరుల బృందాలు చేపట్టిన పని ఇదే: ఎస్‌ఎస్ 1113 నుంచి మూడు జన్యువులు తీసుకుని మిగతాదంతా పారేయాలి.

నా దృష్టిలో ఈ కథంతా ఆ ‘పారేయడం’లోనే ఉంది. గుణం తేవడానికి ఒక్క సంకరం చాలు. దాని వెంట వచ్చినదాన్ని వదిలించుకోవడానికే ఏళ్లు పడతాయి.

వరి అంకెలు చూడండి. 2005లో అంతర్జాతీయ బృందం చదివి ముగించిన వరి జన్యుపటంలో 38.9 కోట్ల అక్షరాలు, దాదాపు 37,500 జన్యువులు ఉన్నాయి. (ఆ పనిలో భారత్ వంతుకు వచ్చింది 11వ క్రోమోజోములో ఒక భాగం. ఎక్స్‌ఏ21 ఉండేది కూడా 11లోనే.) బీపీటీని ఎస్‌ఎస్ 1113తో కలిపితే పుట్టే మొదటి తరంలో సగం బీపీటీ, సగం పంజాబు వరి. ఆ మొక్కను మళ్లీ బీపీటీతోనే కలపాలి. దీన్ని బ్యాక్‌క్రాస్ అంటారు. ఒకసారికి బీపీటీ వాటా 75 శాతం. రెండోసారికి 87.5. మూడోసారికి 93.75. నాలుగోసారికి 96.875. ప్రతిసారీ పరాయి వాటా సగమవుతుంది తప్ప పూర్తిగా పోదు. నాలుగో బ్యాక్‌క్రాస్ తర్వాత కూడా 3.125 శాతం మిగులుతుంది, అంటే 37,500లో సుమారు 1,170 జన్యువుల లెక్క. వాటిలో చాలావరకు రెండు రకాల్లోనూ ఒకటే అయి ఉంటాయి కాబట్టి భయం లేదు. కానీ గింజ పొడవును, అన్నం మెత్తదనాన్ని తేల్చే రెండు మూడు జన్యువులు ఆ 1,170లో ఉండిపోతే, మిల్లరు దాన్ని బీపీటీ అని ఒప్పుకోడు.

ఒక్కో కలయికకు పడే చాకిరీ కూడా చిన్నది కాదు. వరి పూవు తనను తానే ఫలదీకరించుకుంటుంది. ఒక్కో పూవులో 6 కేసరాలు. పూవు విచ్చకముందే పొట్టు కొన కత్తిరించి ఆరింటినీ తీసేయాలి, మర్నాడు పొద్దెక్కాక ఇంకో రకం పుప్పొడి దాని మీద రాల్చాలి, సంచి తొడగాలి. ఇంత చేస్తే పూవుకు ఒక్క గింజ.

ఇప్పుడు అసలు మెలిక. బ్యాక్‌క్రాస్ చేసిన ప్రతి మొక్కకూ ఒక జన్యువు వచ్చే అవకాశం సగం. మూడు జన్యువులూ మూడు వేర్వేరు క్రోమోజోముల మీద ఉన్నాయి: ఎక్స్‌ఏ5 అయిదో దాని మీద, ఎక్స్‌ఏ13 ఎనిమిదో దాని మీద, ఎక్స్‌ఏ21 పదకొండో దాని మీద. కాబట్టి ఒకదాని రాక మరోదాన్ని బట్టి ఉండదు. మూడూ కలిసి వచ్చే అవకాశం సగంలో సగంలో సగం, అంటే 8లో 1. కనీసం ఒక్క మొక్కలోనైనా మూడూ ఉంటాయని 99 శాతం భరోసా కావాలంటే 35 మొక్కలు పెంచాలి. 35 మొక్కలంటే ఏముంది, ఒక చాప వెడల్పు చోటు చాలు.

కష్టం మొక్కల సంఖ్యలో లేదు, గుర్తుపట్టడంలో ఉంది. తెగులును తట్టుకుంటుందా లేదా అని చూడడానికి 1973 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ఒకటుంది. కాఫ్‌మన్, ఏ.పీ.కే. రెడ్డి తదితరులు వివరించినది. కత్తెరను బాక్టీరియా కలిపిన నీళ్లలో ముంచి ఆకు కొన కత్తిరించడం, రెండు వారాల తర్వాత ఎండిన మేర ఎన్ని సెంటీమీటర్లో కొలవడం. చవకైన, నిజాయితీ గల పరీక్ష. కానీ ఎక్స్‌ఏ21 ఒక్క ప్రతి ఉన్నా పనిచేసే జన్యువు. మిగతా రెండూ తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ రెండు ప్రతులూ ఉంటే గాని పనిచేయవు. బ్యాక్‌క్రాస్ మొక్కలో ఎప్పుడూ ఒక్క ప్రతే ఉంటుంది. కాబట్టి కత్తెర పరీక్షకు ఎక్స్‌ఏ21 మాత్రమే కనిపిస్తుంది. మిగతా రెండూ లోపల ఉన్నాయో జారిపోయాయో ఆ ఆకు చెప్పదు.

కళ్లు మూసుకుని ముందుకు పోతే ఏమవుతుంది? ఆకు పచ్చగా ఉన్న మొక్కను ఏరుకుంటూ పోయామనుకోండి. ఏరిన మొక్కలో కనపడని రెండూ ఉండే అవకాశం ప్రతి తరంలో 4లో 1. నాలుగు తరాలు గడిచేసరికి 256లో 1. అంటే దాదాపు ఖాయంగా మధ్యలో ఎక్కడో పోగొట్టుకుంటాం, పోగొట్టుకున్నామన్న సంగతి కూడా తెలియదు. పాతకాలపు బ్రీడర్లు దీనికి చేసిన ఉపాయం, ప్రతి బ్యాక్‌క్రాస్ తర్వాత ఒక తరం ఆగి, మొక్కను తనలో తాను గింజ కట్టనిచ్చి, పిల్లల్లో రెండు ప్రతులున్నవాటిని వెతకడం. నాలుగు పంటల పని ఎనిమిది పంటలవుతుంది. అప్పుడు కూడా ఎక్స్‌ఏ21 పక్కనుంటే ఆకు ఎలాగూ పచ్చగానే ఉంటుంది కనుక మిగతా రెండింటి సంగతి తేలదు.

ఇక్కడ పనికొచ్చింది మార్కర్. జన్యువుకు ఆనుకుని ఉండే డీఎన్ఏ ముక్కను పీసీఆర్ యంత్రంలో పెంచి, జెల్ మీద గీతలుగా చూస్తారు. గీత ఒక ఎత్తులో ఉంటే బీపీటీది, ఇంకో ఎత్తులో ఉంటే ఎస్‌ఎస్ 1113ది. నారు దశలోనే ఆకు ముక్క తుంచి చూస్తే సరిపోతుంది, తెగులు కోసం ఆగక్కర్లేదు. మూడు మార్కర్లతో 8లో 1 మొక్కను పట్టుకోవచ్చు. హైదరాబాద్ బృందం అక్కడితో ఆగలేదు. మూడు జన్యువులూ ఉన్న మొక్కల్లోంచి, మిగతా క్రోమోజోముల మీద పరచిన మార్కర్లతో, బీపీటీ వాటా అన్నిటికన్నా ఎక్కువ ఉన్నదాన్ని ఏరుకుంది. 75 శాతం అన్నది సగటు మాత్రమే. 35 మొక్కల్లో కొన్ని సగటు కంటే పైన, కొన్ని కింద ఉంటాయి. ప్రతి తరంలో పైనున్నదాన్ని పట్టుకుంటే సగటు కంటే ముందే గమ్యం చేరతాం. నాలుగు బ్యాక్‌క్రాస్‌లూ ఇలాగే నడిచాయి.

చివరి మెట్టు 64ది. నాలుగో బ్యాక్‌క్రాస్ మొక్కలో మూడు జన్యువులూ ఒక్కో ప్రతే ఉన్నాయి. దాన్ని తనలో తాను గింజ కట్టనిస్తే, ఒక జన్యువు రెండు ప్రతులుగా వచ్చే పిల్ల 4లో 1. మూడూ రెండేసి ప్రతులుగా వచ్చేది 4×4×4, అంటే 64లో 1. 64 మొక్కలు పెంచితే తప్పకుండా ఒకటి దొరుకుతుందనుకోకండి. 95 శాతం నమ్మకానికి 191 మొక్కలు, 99 శాతానికి 293 మొక్కలు కావాలి. ఇలాంటి మొక్కల నుంచి వచ్చిన వరసల్లోంచి తేలినదే ఆర్‌పీ బయో 226. దేశవ్యాప్త పరీక్షల్లో దాని సంఖ్య ఐఈటీ 19046. 2008లో ‘ఇంప్రూవ్డ్ సాంబ మసూరి’ పేరుతో విడుదలైంది. తెగులు ఉన్న చోట మామూలు బీపీటీ కంటే స్పష్టంగా ఎక్కువ పండింది. గింజ, వంట గుణాల్లో బీపీటీకి తేడా రాలేదు. జన్యువును బయటినుంచి చొప్పించిన పంట కాదు, పుప్పొడి కలయికతో వచ్చినదే కాబట్టి బీటీ పత్తికి 2002లో తీసుకోవాల్సి వచ్చిన రకం అనుమతి దీనికి అవసరం పడలేదు.

ఎవరూ అడగని ఇంకో అంకె కూడా వెంట వచ్చింది. తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే గ్లైసిమిక్ ఇండెక్స్ ఈ బియ్యానికి 50.99గా తేలింది. 55 లోపు ఉంటే తక్కువ కిందికి వస్తుంది. చక్కెర జబ్బున్నవాళ్ల బియ్యంగా దీన్ని అమ్మడం అక్కడినుంచే మొదలైంది. అంకె నిజమే గానీ, పళ్లెం నిండా రెండుసార్లు పెట్టుకుంటే ఏ ఇండెక్స్ కూడా కాపాడదు.

ఒక మొక్క నుంచి ఊరంతటికీ విత్తనం ఎలా చేరుతుందన్నది సరదా లెక్క. ఒక మొక్క వెయ్యి గింజలిస్తే 15 గ్రాములు. ఆ వెయ్యీ ఒక్కొక్కటిగా నాటితే 15 కిలోలు. ఎకరాకు 20 కిలోల విత్తనం చొప్పున ముప్పావు ఎకరం. దానిలో 22.5 క్వింటాళ్ల దిగుబడి లెక్కన దాదాపు 17 క్వింటాళ్లు, అది 84 ఎకరాలకు సరిపోతుంది. మరుసటి పంటకు దాదాపు 9,450 ఎకరాలు. కాగితం మీద నాలుగు పంటల్లో ఒక మండలం నిండుతుంది. అసలు ఆలస్యమంతా మొక్క దగ్గర ఉండదు. 1965లో హైదరాబాద్ కేంద్రంగా మొదలైన అఖిల భారత సమన్వయ వరి పథకం పరీక్షల్లో, వేర్వేరు రాష్ట్రాల్లో, వరసగా కొన్ని ఏళ్లు ఇది నిలబడాలి. ఆ తర్వాత విత్తన వ్యాపారి చేతుల్లోకి రావాలి. బీపీటీ అని అడిగితే బీపీటీయే ఇచ్చే దుకాణంలో, పేరుకు ముందు ఇంకో మాట ఉన్న సంచి కావాలని రైతు అడిగేదాకా అది అరలోనే ఉంటుంది.

పోయినదాన్ని వెనక్కి తెచ్చే ఈ పని సాంబ మసూరితో ఆగలేదు. ఒడిశా నాటు వరి నుంచి ఏరిన ఎఫ్‌ఆర్ 13ఏ రెండు వారాలు నీట మునిగినా బతుకుతుంది. ఆ శక్తిని మన మార్టేరు స్వర్ణలోకి ఇదే బ్యాక్‌క్రాస్ దారిలో తెచ్చి 2009లో స్వర్ణ-సబ్1గా ఇచ్చారు. భాస్వరం తక్కువ ఉన్న నేలలోనూ వేరును పెంచే పీస్టాల్1 జన్యువు, 2012లో బయటపడ్డప్పుడు, ఆధునిక వరి రకాల్లో చాలావాటిలో అసలు లేనే లేదని తేలింది. కసలత్ అనే పాత వరి దాన్ని దాచి ఉంచింది. టమాటా విషయంలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం బృందం 398 రకాలను పరీక్షించి, నేటి టమాటాల్లో తగ్గిపోయిన 13 వాసన పదార్థాలను 2017లో లెక్కగట్టింది. గంజాయి మొక్క మరీ విచిత్రం. అమెరికాలో పట్టుబడిన సరుకులో మత్తునిచ్చే టీహెచ్‌సీ 1995లో 4 శాతం ఉంటే 2014కు 12 శాతానికి ఎగబాకింది. మత్తు లేని, మూర్ఛ వ్యాధి మందుగా పనికొచ్చే సీబీడీ మాత్రం 0.15 శాతం లోపుకు పడిపోయింది. మత్తు కోసమే ఏరిన దొంగసాగు ఫలితం అది. ఆ రెండింటిలో ఏది ఎక్కువన్నది ప్రధానంగా ఒకే స్థానం తేలుస్తుందని, సంకరం చేస్తే పిల్లల్లో 1:2:1గా విడిపోతుందని 2003లోనే చూపారు. కాబట్టి పోయిన సీబీడీని తిరిగి తేవడం బ్రీడర్‌కు తేలిక లెక్క. 64 కాదు, 4లో 1. మన దేశంలో ఆ మొక్కకు 1985 నాటి మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం అడ్డు ఉంది కనుక ఆ ప్రయోగాలు ఎక్కువగా బయటి దేశాల సంగతే.

పల్నాడు రైతు ఇక్కడ అడిగే ప్రశ్న నాకు తెలుసు. వరి సరే, మిరప సంగతేమిటి? 2021లో నల్ల తామర పురుగు పూతలో దూరి మిరప తోటల్ని మోడులుగా మార్చిన ఏడాది ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. 2015లో బెంగళూరు బొప్పాయి మీద మన దేశంలో తొలిసారి కనబడ్డ పురుగు అది. మిరపకు లెక్క వరి కంటే ఎందుకు కష్టమో రెండు అంకెలు చెబుతాయి. మిరప జన్యుపటం దాదాపు 350 కోట్ల అక్షరాలు, వరికి తొమ్మిది రెట్లు. రెండోది, వరిలో పరపరాగం ఒక శాతం లోపే. మిరపలో తేనెటీగ పక్క చేలోంచి ఏం తెస్తుందో చెప్పలేం. అన్నిటికన్నా పెద్ద తేడా విత్తనంలో ఉంది. బీపీటీ ఒక రకం, మిరప ఇప్పుడు ఎక్కువగా హైబ్రిడ్. ఎక్స్‌ఏ13 లాగా రెండు ప్రతులుంటేనే పనిచేసే గుణాన్ని హైబ్రిడ్‌లోకి తేవాలంటే తల్లి వరసలోకీ తండ్రి వరసలోకీ విడివిడిగా నాలుగేసి బ్యాక్‌క్రాస్‌లు నడపాలి. ఆ శ్రమంతా ఏటేటా విత్తన ప్యాకెట్ ధరలో తేలుతుంది. ఇంప్రూవ్డ్ సాంబ మసూరి కొన్న రైతు మాత్రం మరుసటి ఏడాది తన ధాన్యంలోంచే విత్తనం కట్టుకోవచ్చు, పక్కవాడికి మార్చుకోవచ్చు, బ్రాండు ముద్ర లేకుండా అమ్ముకోవచ్చు కూడా. 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది.

కొత్త దారి కూడా మొదలైంది, అదీ సాంబ మసూరితోనే. 2025 మే 4న కేంద్రం ప్రకటించిన రెండు జన్యు సవరణ వరి రకాల్లో ఒకటి డీఆర్ఆర్ ధాన్ 100, ముద్దుపేరు కమల. సాంబ మసూరిలో గింజల సంఖ్యను అదుపు చేసే ఒక జన్యువును సవరించి తెచ్చారు. దిగుబడి 19 శాతం ఎక్కువ, కోత 20 రోజులు ముందు అన్నది ప్రకటన చెప్పిన లెక్క. ఆ లెక్క మీద అభ్యంతరాలూ వచ్చాయి. సాగర్ కింద చివరి భూములకు 20 రోజులంటే ఒక తడి మిగులు, కాబట్టి ఆ అంకె నిజమో కాదో తేల్చాల్సింది ఇక్కడి చేలే. సవరణకు ఒక పరిధి ఉందని కూడా గుర్తుంచుకోవాలి. ఉన్నదాన్ని మార్చడానికో ఆపడానికో అది చక్కగా పనికొస్తుంది. ఎక్స్‌ఏ13 లాంటి మార్పును సవరణతో సృష్టించడం ఇప్పటికే సాధ్యమైంది. ఎక్స్‌ఏ21 లాంటిది మొక్కలో లేనే లేనప్పుడు, మాలి అడవి వరి దాకా పోయి తేవాల్సిందే.

ఇంప్రూవ్డ్ సాంబ మసూరి కొనేవాళ్లు చూసుకోవాల్సినవి కొన్నే. సంచి మీద ఆర్‌పీ బయో 226 అని ఉండాలి. ట్యాగ్ రంగు బ్రీడర్ విత్తనానికి బంగారు పసుపు, ఫౌండేషన్‌కు తెలుపు, సర్టిఫైడ్‌కు నీలం. సర్టిఫైడ్ అయితే మొలక కనీసం 80 శాతం, భౌతిక స్వచ్ఛత 98 శాతం, తేమ 13 శాతానికి మించకూడదు. మూడు జన్యువులూ కాపాడేది ఆకు ఎండు తెగులు నుంచి మాత్రమే. అగ్గి తెగులుకు బీపీటీ ఎంత లొంగుతుందో ఇదీ అంతే. మెడ విరుపు కనబడితే మందు కొట్టాల్సిందే. దోమపోటుకు కాలిబాటలు తీయాల్సిందే. ఈ విత్తనం వేశాం కదా అని యూరియా అదనంగా ఒక కట్ట చల్లితే, ఆకు ఎండు తెగులు రాకపోవచ్చు గానీ అగ్గి తెగులు మాత్రం ముందుగా వస్తుంది.